సర్వే ఫారంలో ఏడో గడి

ఎం.ఏ.లో నాకు క్లాసందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన పేపరు ఒక్కటే ఒక్కటి. డెబ్భైల్లో ఎం.ఏ. దాకా వచ్చిన ఆడపిల్లలం మా బెజవాడ పటమటలో పట్టుమని పదిమందిమి కూడా లేం కాబట్టి, ఆ మార్కుల సంగతి మా చుట్టాల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. ఎత్తినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, వాళ్ళ మీద కాదు. ఎవరి మీద మండాలో ఇన్నేళ్ళైనా తేల్చుకోలేకపోయాను, అదీ నా బాధ.

మా సమాజశాస్త్రం శాఖకి ఆ ఏడే కొత్తగా ఒక మాస్టారు వచ్చారు. పుస్తకాలు ముందేసుకుని పల్లెటూళ్ళ గురించి మాట్లాడేవాళ్ళంటే ఆయనకి గిట్టదు. ఆయన పట్టుబట్టి ఒక కొత్త పేపరు పెట్టించారు. దానికి రాత పరీక్ష లేదు. మాకు తలొక పేట అప్పజెప్పి, నవంబరు నుంచి జూన్ దాకా శని ఆదివారాలు అక్కడే గడపమన్నారు. ముందు ఇంటింటికీ తిరిగి సర్వే ఫారం నింపాలి. తరవాత ఆ పేటకి పనికొచ్చే పని ఒకటి చెయ్యాలి. చివరికి రిపోర్టు రాసి, ఆ పేట జనం ముందే నిలబడి చదవాలి. "వాళ్ళ గురించి మీరు రాసింది వాళ్ళ చెవిన పడాలి. వాళ్ళు వినడానికి పనికిరానిది మీరు రాయడానికీ పనికిరాదు" అనేవారు. ఎంత గొప్ప మాట అనుకున్నాను. నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకుని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

నా వంతుకి వచ్చిన పేట గన్నవరం అవతల ఉంది. పటమటలో బస్సెక్కి, గన్నవరం దాటాక రోడ్డు మీద దిగి, కాలవ గట్టు పట్టుకుని రెండు మైళ్ళు నడవాలి. ఊరు కాలవకి ఇవతల, పేట అవతల. అన్నీ పొలం కూలికి వెళ్ళే కుటుంబాలే. తాటాకు ఇళ్ళు, వాటి మధ్య తాటాకు కప్పుతోనే ఒక చర్చి. ఆ పక్క పేట మా క్లాసు అబ్బాయికి పడింది. అతను వన్ టౌన్‌లో మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారి కొడుకు, చొక్కా మడత నలగనివ్వని మనిషి. మొదటి శనివారం గట్టు మీద బురద చూసి, తిన్నగా కరణంగారింటికి వెళ్ళి, ఆయన అరుగు మీద కూర్చుని, ఆయనిచ్చిన కాఫీ తాగుతూ, ఆయన దగ్గరున్న కాగితాల్లోంచి ఫారాలన్నీ ఎక్కించుకుని మధ్యాహ్నం బస్సుకి ఇంటికి వెళ్ళిపోయాడు. అతన్ని నేను నెలరోజులు ఏడిపించాను. "పేట గాలి తగిలితే జలుబు చేస్తదేమోనండీ మీకు" అనేదాన్ని. అతను నవ్వేసి ఊరుకునేవాడు.

ఫారంలో ఏడో గడి మతం. ఇంట్లో ఎంతమంది, ఏం పని చేస్తారు, మంచినీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు, ఇలాంటి వాటికన్నిటికీ టకటకా చెప్పేవాళ్ళు. ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి అందరికీ నోరు పడిపోయేది. మొగుడు పెళ్ళాం మొహం చూసేవాడు. పెళ్ళాం పక్కింటి గుమ్మం వంక చూసేది. "మీరేం రాసుకుంటే అదేనండీ" అనేవారు చివరికి. ఒకావిడ "అది ఖాళీగా వదిలెయ్యకూడదాండీ?" అని అడిగింది. గుమ్మం మీద సున్నంతో గీసిన సిలువ ఉంది, గూట్లో బైబిలు ఉంది, ఆదివారం కుటుంబం కుటుంబమంతా చర్చిలో ఉంటుంది. ఇంకా చెప్పడానికి ఏమిటి మొహమాటం? నాకు చిరాకేసింది. ఖాళీలు వదలొద్దని మాస్టారి ఆజ్ఞ. అందుకని అడగడం మానేసి, కళ్ళతో చూసిందే రాసుకుంటూ పోయాను. ఇంటింటికీ క్రైస్తవం, క్రైస్తవం, క్రైస్తవం. రాస్తున్నప్పుడు కొంచెం గర్వంగా కూడా ఉంది, దాచుకోవడమెందుకు.

ఎందుకంటే మేమూ క్రైస్తవులమే. మా తాత అలాంటి పేటలోనే పుట్టి, అలాగే పొలాల్లో కూలి చేసినవాడు. మా నాన్న మిషన్ బళ్ళో చదువుకుని ఆ బళ్ళోనే టీచరయ్యాడు. నన్ను బళ్ళో వేసిన రోజు అక్కడి గుమాస్తా, "హిందూ అని రాయించండి మాస్టారూ, ముందు ముందు పిల్లకి స్కాలర్‌షిప్పులూ హాస్టళ్ళూ వస్తయ్" అని చెవిలో చెప్పాడట. మా నాన్న, "దేవుడి దగ్గర ఒక మాటా గవర్నమెంటు దగ్గర ఒక మాటా మా ఇంట్లో ఉండదండీ" అని, క్రిస్టియన్ అనే రాయించాడట. ఈ కథ నేను గోరుముద్దలతో పాటు తిని పెరిగాను.

ఈ సంగతులు తెలియనివాళ్ళ కోసం కొంచెం విడమరిచి చెబుతాను. షెడ్యూల్డు కులాలకి ఇచ్చే సౌకర్యాలు క్రైస్తవం పుచ్చుకున్నవాళ్ళకి రావని రూలు. మతం పుచ్చుకున్నంత మాత్రాన కూలి మారదు, పేట మారదు, ఊళ్ళోవాళ్ళు పిలిచే పిలుపూ మారదు. హాస్టల్లో సీటు మాత్రం ఎగిరిపోతుంది. అందుకని మా జిల్లాలో చాలా పేటల్లో ఒక పద్ధతి నడిచేది. బడి రికార్డులో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. ఆదివారం పాటలు పాడతారు, ప్రార్థన చేస్తారు, బాప్తిస్మం మాత్రం పిల్లల చదువులయ్యాక, ఉద్యోగాలొచ్చాక అని వాయిదా వేసుకుంటారు. ఈ పద్ధతి ఊరికీ తెలుసు, కరణానికీ తెలుసు, ఆఫీసర్లకీ తెలుసు. ఎవరూ పైకి అనరు. నాకూ ఇంతో అంతో తెలుసు. తెలిసీ, అది పిరికివాళ్ళ పద్ధతని నా గట్టి అభిప్రాయం. ఇరవై రెండేళ్ళు, పైగా ఎం.ఏ. చదువు.

ఇక ఆ అమ్మాయి సంగతి. నేను వెళ్ళేనాటికి పదోతరగతి చదువుతోంది. తండ్రి లేడు. తల్లి నాట్ల ముఠాకి పెద్ద. పాతికమంది ఆడవాళ్ళు ఆవిడ మాట మీద చేలో దిగేవాళ్ళు, ఆవిడ మాట మీద గట్టెక్కేవాళ్ళు. మాస్టారు అందరితోనూ వరస కలుపుకోమన్నారు కాబట్టి నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. ఆవిడ మాత్రం నన్ను ఎంత చెప్పినా అమ్మాయిగారూ అనే అనేది. ఆ పిల్లకి మంచి గొంతుంది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆ పిల్లే. ఆమె ఎత్తుకుంటే వెనకాల పేటంతా అందుకునేది. నాకు పాటలు వచ్చుగానీ శ్రుతి రాదు. ఆ పిల్ల పక్కన కూర్చుంటే నా గొంతు కూడా బాగున్నట్టే అనిపించేది, అందుకని ప్రతి ఆదివారం అక్కడే చోటు చూసుకునేదాన్ని.

నేను ఎంచుకున్న సేవ, పదోతరగతి పిల్లలకి ఇంగ్లీషూ లెక్కలూ చెప్పడం. ఆరుగురితో మొదలుపెడితే సంక్రాంతి కోతల తరవాత మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. మొండిది. రాని లెక్క మీద పెన్సిలు పెట్టి కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేది కాదు. మంచి మార్కులతో పాసయింది. ఆ పేటలో ఆడపిల్ల పది గట్టెక్కడం అదే మొదలు. తల్లి ఇల్లిల్లూ తిరిగి బెల్లం ముక్కలు పంచింది. బెజవాడలో కాలేజీలో ఇంటర్మీడియెట్ సీటు వచ్చింది. రోజూ వెళ్ళిరావడానికి బస్సులు కుదరవు కాబట్టి గవర్నమెంటు హాస్టల్లో చోటు కావాలి. దానికి తాసీల్దారు సంతకంతో కులం సర్టిఫికెట్టు కావాలి. అది రాకపోతే ఏమిటో తల్లి నాతో ముందే చెప్పింది.

"రాకపోతే నాతోపాటు నాట్లకొస్తదండీ. మళ్ళీ ఏడు చూద్దామంటే ఇక చూసేదేవుంది, పెళ్ళి చెయ్యమంటారు."

అప్లికేషను నింపింది నేనే. మతం దగ్గర, బడి రికార్డు చూసి, హిందూ అని నా చేత్తోనే రాశాను. పిరికిపద్ధతి అన్న నా అభిప్రాయం ఆ పూట ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. రాస్తున్నప్పుడు నా సర్వే ఫారం గుర్తుకు రాలేదా అని మీరడిగితే, వచ్చింది. కానీ ఇది ఆఫీసు కాగితం, అది చదువు కాగితం. ఆ రెండూ ఒక బల్ల మీద ఎదురుపడతాయని నాకు తట్టలేదు.

రిపోర్టు చదివే రోజు జూన్ చివర్లో వచ్చింది. చర్చి ముందు పందిరి వేశారు. ఊళ్ళో హైస్కూలు నుంచి బెంచీలు మోసుకొచ్చారు. గన్నవరం నుంచి అద్దెకి మైకు తెప్పించారు. మాస్టారు ఎంత ఉత్సాహంగా ఉన్నారంటే, తాసీల్దారుగారిని కూడా పిలిచారు. ఆయన మంచివాడు. ఎలాగూ వస్తున్నాను కదా, ఆ పిల్ల సర్టిఫికెట్టు మీద ఆ సభలోనే సంతకం పెట్టి చేతికిస్తాను, అందరూ చప్పట్లు కొడతారు అని కబురు పంపాడు. ఫైలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల పరికిణీ ఓణీ వేసుకుని మొదటి వరసలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తల్లి ఆ రోజు పనికి వెళ్ళలేదు.

నేను మైకు ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాను. మంచినీళ్ళ గురించి, గట్టు రోడ్డు గురించి చదువుతుంటే తలలూపారు. తరవాత మతం పేరా వచ్చింది. "ఈ పేటలోని కుటుంబాలన్నీ క్రైస్తవాన్ని అనుసరిస్తున్నాయి" అని చదివాను. పందిట్లో చప్పుడు ఆగిపోయింది. వింటున్నారు కాబోలు అనుకున్నాను. "వీరి విశ్వాసానికి, క్రమశిక్షణకి ఉదాహరణగా" అని మొదటి వరస వైపు చెయ్యి చూపించాను. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునే ఈ అమ్మాయి, చిన్నపిల్లలకి బైబిలు వాక్యాలు కంఠతా పట్టించే ఈ అమ్మాయి, ఇంతవరకు వచ్చానో లేదో, తల్లి గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని బెంచీల మధ్యనుంచి గబగబా వచ్చేసింది.

"అమ్మాయిగారూ, ఎండన పడొచ్చారు. ముందు నీళ్ళు తాగండి" అంది.

తాగాను. ఎంత ప్రేమో చూడండి అన్నట్టు మాస్టారి వంక చూసి నవ్వాను. "ఇంకాసిని తాగండి" అందావిడ, కదలకుండా. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేసి, ఆపిన చోటునుంచి మళ్ళీ మొదలుపెట్టి, ఆఖరు మాట దాకా స్పష్టంగా, మైకుకి దగ్గరగా చదివాను. నాకు చదవడం బాగా వచ్చు.

తాసీల్దారుగారు కలానికి మూత పెట్టేశాడు. ఇద్దరు ముగ్గురి ఉపన్యాసాలయ్యాయి, చప్పట్లు కూడా అయ్యాయి. సర్టిఫికెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. జీపు ఎక్కబోతూ ఆయన నన్ను పక్కకి పిలిచాడు.

"మీరు చదివిందాకా నాకు తెలవదనుకున్నారామ్మా? ఈ తాలూకాలో నాలుగేళ్ళనించీ ఉన్నా. తెలవటం వేరు, చెవిన పడటం వేరు. ఇంతమందిలో, మైకులో విన్నాక ఇక సంతకం ఎట్టా పెట్టను? రేపు ఎవడన్నా పిటీషను పెడితే, ఆ రోజు నువ్వు అక్కడే కూర్చున్నావు గదయ్యా అంటారు."

ఒక పక్క మాస్టారు నా భుజం తట్టి, ఫీల్డు వర్కంటే ఇదీ అంటున్నారు. ఇంకో పక్క ఆ పిల్ల ఎక్కడా కనపడలేదు. బెంచీలు మోస్తున్నవాళ్ళెవరూ నా మొహం చూడలేదు. తల్లి దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మంచినీళ్ళిచ్చా గదండీ" అంది ఆవిడ. కోపంగా అనలేదు. నేను అర్థం చేసుకోకపోవడం ఆవిడకి వింతగా ఉన్నట్టుంది. "పోనీలెండి, మీరు మంచే అనుకుని చదివారు" అని గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మా నాన్నకి చెప్పాను. నిజం చెప్పావమ్మా అంటాడని ఒక ఆశ. లేకపోతే చెడామడా తిడతాడని ఇంకో ఆశ. ఏదో ఒకటి తేలుతుంది కదా. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆ పిల్ల ఇప్పుడేం చేస్తది?" అని అడిగాడు. నాట్లకి పోతుందని చెప్పాను. మడిచిన పేపరునే మళ్ళీ మడిచాడు. నేనే ఉండబట్టలేక, "నువ్వు నా రికార్డులో నిజమే రాయించావుగా నాన్నా" అన్నాను.

"నేను రాయించింది నా పిల్ల కాయితం మీదమ్మా" అన్నాడు. తరవాత, "అప్పటికి నాకు మిషన్లో జీతం వస్తా ఉంది" అన్నాడు. అన్నంతో పాటు తిన్న ఆ కథలో జీతం మాట ఎప్పుడూ రాలేదు. ఆ రాత్రి ఆయన భోజనం సగంలో లేచాడు. మా అమ్మ నన్నే తిట్టింది.

సోమవారం పొద్దున్నే వెళ్ళి ఆ పిల్లని వెంటబెట్టుకుని తాలూకా ఆఫీసుకి బయల్దేరాను. తల్లి అప్పటికే ముఠాతో నారుమళ్ళకి వెళ్ళింది. బస్సులో ఆ పిల్లకి, ఏమడిగితే ఏం చెప్పాలో నూరిపోస్తూ కూర్చున్నాను. మతం అడిగితే హిందూ అని తడుముకోకుండా చెప్పు, చర్చి గురించి అడిగితే పాటలు నేర్చుకోడానికి వెళ్ళానను. ఎనిమిది నెలలు ఆదివారం ఆదివారం ఆ పిల్ల పక్కన కూర్చుని పాడినదాన్ని. నా మాటలు నాకే ఎవరో అంటున్నట్టు వినపడ్డాయి. ఆ పిల్ల అన్నిటికీ "అట్టాగేనండీ" అంది.

తాసీల్దారుగారు మమ్మల్ని కూర్చోబెట్టాడు. మాస్టారు పంపించిన నా రిపోర్టు కాపీ ఆయన బల్ల మీదే ఉంది.

"బాప్తిస్మం అయ్యిందామ్మా నీకు?" అని ఆ పిల్లని అడిగాడు.

"లేదండీ. ఉద్యోగం వచ్చినాక అంది మా అమ్మ."

"మీ అమ్మకి?"

"లేదండీ. నాతోపాటే తీసుకుంటానంది."

"మరింకేం?" అని నా వైపు తిరిగాడు. "వాళ్ళు మతం పుచ్చుకోలేదు. మీరు పొరపాటున రాశారు. ఆ ముక్క మీరే రాసిచ్చెయ్యండి. ఇవాళే సంతకం పెట్టి పంపిస్తా."

నాకు ప్రాణం లేచొచ్చింది. రూలు ప్రకారం అది అబద్ధం కూడా కాదు కదా. ఇంత తేలికని తెలిస్తే రెండు రాత్రులు నిద్ర మానుకునేదాన్ని కాదు. కాగితం తీసుకున్నాను. ఆయన చెబుతుంటే రాశాను. సదరు రిపోర్టులో నేను పొరపాటున వ్రాసితిని. సదరు కుటుంబము మతము మార్చుకొనలేదు. అక్కడితో అయిపోయిందనుకుని కలం ఎత్తాను. "ఇంకా ఉంది, రాయండి" అన్నాడు. "సదరు కుటుంబమునకు చర్చితో ఎట్టి సంబంధమూ లేదు."

"అది అవసరమాండీ?"

"అదే అవసరం. మీరు మైకులో చదివింది పాట గురించి, బైబిలు గురించి. దానికి సమాధానం ఉండొద్దా?"

ఆ పిల్ల వంక చూశాను. గోడకున్న క్యాలెండరు చూస్తోంది. ఆ చూపులో ఒప్పుకోవడం ఉందో వద్దనడం ఉందో నాకు అర్థం కాలేదు. అడిగితే పోయేది. అడగలేదు. రాసి సంతకం పెట్టాను. కింద ఆ పిల్ల చేత కూడా సంతకం పెట్టించారు. గుండ్రంగా, నేను నేర్పించినట్టే, అక్షరం అక్షరం విడివిడిగా రాసింది. సర్టిఫికెట్టు చేతికిస్తూ ఆయన మళ్ళీ చెప్పాడు.

"ఇక నువ్వూ మీ అమ్మా ఆ చర్చిలో కనపడితే మాత్రం ఈవిడ సంతకం అబద్ధమవుద్ది, నా సంతకమూ అబద్ధమవుద్ది. ఎవరి కన్ను ఎట్టాంటిదో మనకి తెలవదు. జాగ్రత్త తల్లీ."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. సోడా తాగుతావా అని అడిగాను. వద్దండీ అంది. సర్టిఫికెట్టు నలగకుండా పుస్తకంలో పెట్టుకుంది. బస్సొచ్చే దారి వైపు చూస్తూ చెప్పింది.

"మా అమ్మని ఇంతవరకూ ఎంతోమంది అడిగారండీ, మీరేవిట్లు, ఏ దేవుడికి మొక్కుతారని. ఎవరికీ అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కాదని ఇవాళే చెప్పాం."

"సర్టిఫికెట్టొచ్చింది కదా" అన్నాను.

"వచ్చిందండీ. మీకు చాలా థాంక్సండీ" అంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందు రెండుసార్లు వేశాను. మొదటిసారి నిజం పేరుతో, రెండోసారి సాయం పేరుతో. వాళ్ళు ఏళ్ళతరబడి నోరు మెదపకుండా కాపాడుకున్నదాన్ని, వారం తిరక్కుండా రెండు కాగితాల మీదికి ఎక్కించాను. రెండిట్లోనూ నా సంతకమే. ఇలా ఇప్పుడు వరసగా చెబుతున్నాను గానీ, ఆ వేళ నాకు ఇదేమీ తట్టలేదు. సర్టిఫికెట్టు వచ్చింది, అయినా ఏడుపెందుకొస్తోందో తెలియక బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను.

తాసీల్దారుగారు నేను రాసిచ్చినదాని నకలు మాస్టారికి పంపాడు. మౌఖిక పరీక్షలో మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఇందులో ఏది నిజం?" అని అడిగారు. రెండూ కాదేమో సార్ అన్నాను. అలా ఉండదు, ఏదో ఒకటే ఉంటుంది అన్నారు. అయితే నాకు తెలియదు సార్ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, క్షేత్రంలో ఎదురైన సందిగ్ధాన్ని నిజాయితీగా ఒప్పుకున్నందుకని క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వేశారు. మిరపకాయల వ్యాపారి కొడుకు బొటాబొటీగా గట్టెక్కాడు. కరణంగారి కాగితాలు చూసి ఎక్కించాడు కాబట్టి అతని ఏడో గడిలో వరసగా హిందూ అనే ఉంది. నాకు తెలిసి మా బ్యాచిలో ఎవరికీ ఏ హానీ చెయ్యని సర్వే అతనిదొక్కటే.

జూలైలో, ఆ పిల్ల హాస్టలుకి వెళ్ళబోయే ముందు ఆదివారం, చివరిసారిగా ఆ పేటకి వెళ్ళాను. పేపరు అయిపోయింది, వెళ్ళాల్సిన పని లేదు. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. వెళ్ళేసరికి ఆరాధన మొదలైంది. నా మామూలు చోట్లో కూర్చున్నాను. పక్కన ఖాళీగా ఉంది. పాట వేళ అయ్యింది. అలవాటు కొద్దీ అందరూ ఆగారు, ఎవరో ఎత్తుకుంటారన్నట్టు. కాసేపటికి ఒక ముసలావిడ ఎత్తుకుంది, మరీ పైస్థాయిలో. వెనకాల ఎవరికీ గొంతు అందలేదు. తలొక దారిన పాడి ఎలాగో పూర్తిచేశారు. నేనూ పాడాను. నా రికార్డులో క్రిస్టియన్ అని ఉంది కాబట్టి నన్ను అడిగేవాళ్ళెవరూ లేరు.

బయటికి వచ్చి చూస్తే, ఎదురింటి గుమ్మంలో తల్లి కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. చర్చికి తయారైనట్టే తయారై, గడప దాటకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల ఆ పిల్ల ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకుంటోంది. నన్ను చూసి నవ్వి, మళ్ళీ సర్దుకోవడంలో పడింది. తల్లి లేచి నిలబడింది.

"అమ్మాయిగారూ, ఒక్క మాట అడగనా?"

"అడుగక్కా."

"ఆ కాయితం ఎన్నాళ్ళుంటదండీ? పిల్ల చదువైందాకానా, ఉద్యోగం వచ్చిందాకానా? మళ్ళీ మేం లోపలికి ఎప్పుడెళ్ళచ్చు?"

అలాంటి కాగితానికి గడువు ఉంటుందో ఉండదో నాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు. తాసీల్దారుగారిని అడగాలని ఆ రోజు నాకు తోచలేదు.

"నాకు తెలియదక్కా" అన్నాను.

"రాసింది మీరు గదండీ" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. నాకు తెలియకపోతే ఎవరినడగాలో అదైనా చెబుతానేమోనని, నా మొహం వంక చూస్తూ అలాగే నిలబడింది.